డాబా మీది చౌక ‘నెట్ డబ్బా’.. వైర్‌లెస్ ఇంటర్నెట్‌లో దాని ముప్పు ఎవరికి?

నెట్ నత్తనడక నడిస్తే ముందు కంపెనీని తిడతాం. ఆ తర్వాత ప్లాన్‌ను. డాబా మీద పైపుకు బిగించిన తెల్ల డబ్బా మీదకు మాత్రం ఎవరి దృష్టీ పోదు. టెక్నీషియన్ వచ్చి అరగంటలో బిగించి, లైటు ఆకుపచ్చగా వెలగగానే ఫొటో తీసుకుని వెళ్లిపోతాడు. ఆ తర్వాత దాన్ని పలకరించేవి పావురాలు, కోతులే.

వైర్‌లెస్ ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీలు ఖర్చు తగ్గించుకోవాలనుకున్నప్పుడు మొదట చూసేది ఆ డబ్బా వైపే. పొదుపు కంపెనీ లెక్కల్లో కనిపిస్తుంది. దానివల్ల వచ్చే ఇబ్బంది మాత్రం మీ ఇంట్లోనో, పక్క వీధిలోనో, ఒక్కోసారి ఎక్కడో వేరే దేశంలోనో బయటపడుతుంది.

ఇప్పుడెందుకీ చర్చ?

ఎందుకంటే వైరు లేని బ్రాడ్‌బ్యాండ్ మన నగరాల్లో మామూలు విషయమైపోయింది. 2023 ఆగస్టులో ఎయిర్‌టెల్ ఢిల్లీ, ముంబయిల్లో తన ఎయిర్‌ఫైబర్‌ను మొదలుపెట్టింది. నెలన్నర తిరక్కుండానే, సెప్టెంబరు 19న, జియో ఎనిమిది నగరాల్లో ఆరంభించింది. అందులో హైదరాబాద్ ఒకటి. తవ్వకాలకు అనుమతులు దొరకని కాలనీలు, ఫైబర్ లాగనివ్వని అపార్టుమెంట్లు, ఊరి చివర వెంచర్లు ఈ సేవకు సహజంగానే గిరాకీ.

అయితే పెద్ద కంపెనీలకు చాలా ముందే చిన్న ఆపరేటర్లు ఈ పని చేస్తున్నారు. ఊళ్లో ఎత్తైన బిల్డింగు మీద చిన్న టవర్ వేసి, చుట్టుపక్కల ఇళ్లకు రేడియో ద్వారా నెట్ ఇవ్వడం వాళ్ల వ్యాపారం. 2018 అక్టోబరులో కేంద్రం 5 గిగాహెర్ట్జ్ పరిసరాల్లో మొత్తం 605 మెగాహెర్ట్జ్ తరంగాలను లైసెన్సు అక్కర్లేకుండా వాడుకోనిచ్చింది. స్పెక్ట్రమ్ వేలంలో పాల్గొనే స్తోమత లేనివాళ్లకు అది పెద్ద వెసులుబాటు.

తరంగాలు ఉచితమయ్యాక మిగిలిన పెద్ద ఖర్చు పరికరాలదే. ఇళ్లలో పెట్టే పరికరాన్ని ఈ రంగంలో ‘సీపీఈ’ అంటారు. అంటే కస్టమర్ దగ్గర ఉండే పెట్టె. డాబా మీది రేడియో, ఇంట్లోని వైఫై రౌటర్, రెండిటినీ కలిపే కేబుల్, కరెంటు అందించే అడాప్టర్ అన్నీ కలిపి ఒక సెట్టు.

ఒక టవర్ కింద వంద ఇళ్లుంటే టవర్ మీద రేడియోలు మూడో నాలుగో ఉంటాయి. ఇళ్ల మీద డబ్బాలు మాత్రం వంద ఉండాలి. అందుకే టవర్ రేడియోల దగ్గర ఎవరూ పెద్దగా బేరమాడరు. ఇంటి డబ్బా దగ్గరే రూపాయి రూపాయికీ లెక్క చూస్తారు. ఉదాహరణకు ఒక్కో డబ్బా మీద వెయ్యి రూపాయలు మిగిలితే, 2 వేల కస్టమర్లున్న చిన్న ఆపరేటర్‌కు రూ.20 లక్షలు మిగిలినట్టే. నెలకు నాలుగైదు వందల బిల్లు మీద, పైగా ‘ఇన్‌స్టలేషన్ ఫ్రీ’ అని బోర్డు పెట్టుకుని నడిచే వ్యాపారంలో అది చిన్న మొత్తం కాదు. చౌక డబ్బా కొనే ఆపరేటర్‌ను దొంగలా చూడటం న్యాయం కాదు. అయితే ఆ వెయ్యి ఎక్కడ తగ్గిందన్నదే అసలు ప్రశ్న.

పక్కింటి డబ్బాతో మీకేం పని?

ఫైబర్ కనెక్షన్‌లో మీ ఇంటి పరికరం నాసిరకమైతే ఆ బాధ చాలావరకు మీకే పరిమితం. వైర్‌లెస్‌లో అలా కాదు. టవర్ మీది రేడియో ఒక వైపున ఉన్న ఇళ్లన్నిటితో ఒకే చానల్ మీద, వంతులవారీగా మాట్లాడుతుంది. సాధారణ వ్యవస్థల్లో అది ఒక ఇంటితో మాట్లాడుతున్నంతసేపు మిగతా ఇళ్లు ఆగాల్సిందే.

బస్తీలో ఒకే కుళాయి దగ్గర క్యూ కట్టినట్టు అనుకోండి. అందరికీ కావాల్సింది తలా ఒక బిందెడు నీళ్లే. కానీ ఒకరు మాత్రం సన్నమూతి సీసాలు తెచ్చి ఒక్కొక్కటిగా నింపుకుంటున్నారు. వాళ్లు తీసుకునే నీళ్లు ఎక్కువేం కాదు, పట్టే సమయం ఎక్కువ. వెనకున్న బిందెలన్నీ ఆగిపోతాయి.

ఈ లెక్క వైఫై ప్రమాణాల్లోనే ఉంది. 802.11ఎన్ అనే పాత ప్రమాణాన్నే తీసుకుందాం. 20 మెగాహెర్ట్జ్ చానల్‌లో, ఒకే స్ట్రీమ్ మీద, సిగ్నల్ శుభ్రంగా ఉంటే సెకనుకు 65 మెగాబిట్ల వరకు వెళ్తుంది. సిగ్నల్ అధ్వానమైతే 6.5కు పడిపోతుంది. సరిగ్గా పదో వంతు. పది ఇళ్లూ ఒకే సైజు వీడియో చూస్తున్నాయనుకుందాం. తొమ్మిది ఇళ్లకు మంచి సిగ్నల్ ఉంది, ఒక్కో ఇంటికి ఒక నిమిషం చొప్పున టవర్ సమయం పడుతుంది. మొత్తం 9 నిమిషాలు. పదో ఇంటికి అదే వీడియో ఇవ్వడానికి ఒక్కదానికే 10 నిమిషాలు కావాలి. అంటే పదిమందిలో ఒకరు టవర్ సమయంలో సగానికి పైగా తినేస్తున్నారు. ఆ ఇంటివాళ్లకు ఆ సంగతి తెలియదు. తెలిసినా వాళ్ల తప్పేం లేదు.

సిగ్నల్ అధ్వానం కావడానికి దూరం, చెట్లు, కొత్తగా లేచిన అపార్టుమెంటు లాంటి కారణాలు ఎన్నైనా ఉండొచ్చు. చౌక డబ్బా వీటన్నిటినీ మరింత పెంచుతుంది. మంచి డిష్ యాంటెన్నా టార్చిలైటులా ఒకవైపే చూస్తుంది. చవకరకం చిన్న ప్యానెల్ ట్యూబులైటులా అన్నివైపులా చూస్తుంది. తన టవర్ మాటతోపాటు పక్క ఆపరేటర్ల టవర్లు, కింది ఫ్లాట్ల వైఫైలు అన్నీ వింటుంది. తను మాట్లాడేటప్పుడు అందరి చెవిలోనూ అరుస్తుంది. లోపలి ఫిల్టర్లలో పొదుపు చేస్తే పక్క చానల్‌లోని రొద కూడా దీనిలోకి వచ్చేస్తుంది. అమీర్‌పేట లాంటి చోట, ఒక్కో అంతస్తులో పదేసి వైఫైలు కనిపించే బిల్డింగుల మధ్య, ఈ తేడా రాత్రి 9 గంటలకు బాగా తెలుస్తుంది.

మంచి ఆపరేటర్లు దీనికి మందు వేస్తారు. డేటాను కాకుండా సమయాన్ని సమానంగా పంచే సెట్టింగు కొన్ని టవర్ రేడియోల్లో ఉంటుంది. లేదంటే సిగ్నల్ బొత్తిగా రాని ఇంటికి ‘మా సర్వీసు ఇవ్వలేం’ అని ముందే చెబుతారు. కనెక్షన్ల సంఖ్య మీద కమీషన్ నడిచేచోట ఆ మాట చెప్పే సేల్స్ మనిషిని చూడటం కష్టం. కాబట్టి మీరు ‘స్పీడు రావట్లేదు’ అని ఫోన్ చేసినప్పుడు ఆపరేటర్ మార్చాల్సింది మీ డబ్బా కాకపోవచ్చు. మూడిళ్ల అవతలిది కావొచ్చు.

డాబాలన్నీ ఎక్కించిన పురుగు

వేగం తగ్గడం చికాకు మాత్రమే. అసలు ఇబ్బంది భద్రత దగ్గర మొదలవుతుంది. వైర్‌లెస్ ఆపరేటర్లు ఇప్పటికీ చెప్పుకునే ఉదాహరణ 2016 మే నాటిది.

యుబిక్విటీ అనే అమెరికా కంపెనీ తయారుచేసే అవుట్‌డోర్ రేడియోలు ప్రపంచమంతటా చిన్న ఆపరేటర్లకు ఇష్టమైనవి. పెద్ద టెలికాం కంపెనీల పరికరాలతో పోలిస్తే చాలా తక్కువ ధర, పనితనం మాత్రం బాగుంటుంది. వాటిలో నడిచే సాఫ్ట్‌వేర్ పేరు ఎయిర్‌ఓఎస్. పాస్‌వర్డ్ లేకుండానే బయటివాళ్లు డబ్బాలోకి ఫైళ్లు ఎక్కించగలిగే లోపం అందులో ఒకటి బయటపడింది. కంపెనీ 2015 జులైలోనే దాన్ని సరిచేసి కొత్త వెర్షన్ ఇచ్చింది. వేలాది డబ్బాల్లో ఆపరేటర్లు దాన్ని వేయలేదు.

పది నెలల తర్వాత ఎవరో ఆ లోపాన్ని వాడుకునే ‘వార్మ్’ను వదిలారు. ఒక డబ్బాలో దూరి, అక్కడి నుంచి అదే నెట్‌వర్క్‌లోని మిగతా డబ్బాలను వెతుక్కుంటూ తనంతట తానే పాకే రకం ఇది. స్పెయిన్, అర్జెంటీనా, బ్రెజిల్, అమెరికాల్లోని ఆపరేటర్లు దెబ్బతిన్నారు. ఆపరేటర్ లోపలికి వచ్చి సరిచేయకుండా ఇది మేనేజ్‌మెంట్ పేజీని మూసేసేది. రీస్టార్ట్ చేసినా పోయేది కాదు. కొన్ని డబ్బాలను ఫ్యాక్టరీ రీసెట్ చేసి వదిలేసింది.

ఫ్యాక్టరీ రీసెట్ అనగానే మనకు ఫోన్ గుర్తొస్తుంది, అదేం పెద్ద విషయమనిపిస్తుంది. డాబా మీది రేడియో రీసెట్ అయితే తను ఏ టవర్‌తో మాట్లాడాలో, ఆ టవర్ తాళంచెవి ఏమిటో మరిచిపోతుంది. టవర్ నుంచి దాన్ని పిలిచే దారి ఉండదు. మనిషి ల్యాప్‌టాప్ పట్టుకుని ఆ ఇంటికి వెళ్లాలి. ఇంటివాళ్లు ఉండాలి, డాబా తాళం దొరకాలి. 2 వేల మంది కస్టమర్లు, నలుగురు టెక్నీషియన్లు, ఒక్కొక్కరు రోజుకు 8 ఇళ్లు చూడగలరనుకుంటే, ఒక్క రోజు సెలవు లేకుండా పనిచేసినా రెండు నెలలు పడుతుంది. రెండు నెలలు నెట్ లేకుండా ఏ కస్టమరూ ఆగడు. చిన్న ఆపరేటర్ దుకాణం మూతపడటానికి అది చాలు.

కంపెనీ ప్యాచ్ ఇచ్చినా ఆపరేటర్లు ఎందుకు వేయలేదు? బద్ధకం ఒక్కటే కారణం కాదు. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే డబ్బా పాడవుతుంది, మళ్లీ డాబా ఎక్కాలి. నడుస్తున్నదాన్ని కదిలించి చెడగొట్టుకోవడమెందుకన్న భయం. అది అర్థం లేని భయమేమీ కాదు. కానీ దాని ధర ఎంతో 2016లో తెలిసింది. ఆ రేడియోలు ధర తక్కువవే అయినా, వాటి వెనక ప్యాచ్ రాసే ఇంజినీర్లున్న కంపెనీ ఉంది. అంతకంటే చౌకరకం డబ్బాల్లో ఆ మాత్రం కూడా ఉండదు. తగ్గిన వెయ్యి రూపాయల్లో ఎక్కువ భాగం ప్లాస్టిక్‌దో లోహానిదో అనుకుంటాం. చాలాసార్లు తగ్గేది అమ్మిన తర్వాత చేయాల్సిన పని ఖర్చు.

స్టిక్కర్లు వేరు, లోపలి సరుకు ఒకటే

బజారులో పది బ్రాండ్లు కనిపిస్తాయి. లోపల చూస్తే రెండు మూడు కంపెనీల చిప్‌లే ఉంటాయి. చిప్ కంపెనీ తన చిప్‌తోపాటు ఒక సాఫ్ట్‌వేర్ మూట ఇస్తుంది. డబ్బా తయారుచేసేవాళ్లు దానికి తమ లోగో, తమ రంగు పేజీ అద్ది అమ్ముతారు. మూలంలో లోపం ఉంటే అన్ని బ్రాండ్లకూ అంటుతుంది.

2021 ఆగస్టులో ఇదే జరిగింది. చవక రౌటర్లలో విస్తృతంగా వాడే రియల్‌టెక్ చిప్‌ల సాఫ్ట్‌వేర్ మూటలో తీవ్రమైన లోపాలను జర్మనీకి చెందిన పరిశోధకులు బయటపెట్టారు. కనీసం 65 కంపెనీల పరికరాలు, దాదాపు 200 మోడళ్లు దాని పరిధిలోకి వచ్చాయి. రియల్‌టెక్ సరిచేసి ఇచ్చినంత మాత్రాన పని అయిపోదు. దాన్ని డబ్బా కంపెనీ తీసుకుని తన మోడల్‌కు తగ్గట్టు మార్చాలి. ఆ తర్వాత ఆపరేటర్ వేయాలి. ఈ గొలుసులో మధ్యవాడు మోడల్ ఆపేసి కొత్త స్టిక్కర్‌తో ఇంకోటి అమ్ముతుంటే, పాత డబ్బా లోపం అది చెడిపోయేదాకా అలాగే ఉంటుంది.

ఇక పాస్‌వర్డ్‌ల కథ మనకు ఇంట్లోదే. 2017 జులై చివర్లో ‘బ్రికర్‌బాట్’ అనే మాల్వేర్ బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మోడెములను తాకింది. సుమారు 60 వేల మోడెములు పనిచేయడం మానేశాయని అప్పట్లో వార్తలొచ్చాయి. అవి వైర్‌లెస్‌వి కావు, టెలిఫోన్ తీగ మీద నడిచేవి. అయినా పాఠం ఒకటే. దెబ్బతిన్నవి యూజర్‌నేమ్ ‘అడ్మిన్’, పాస్‌వర్డ్ ‘అడ్మిన్’ అని ఫ్యాక్టరీలో పెట్టింది పెట్టినట్టు ఉన్న మోడెములు. ప్రధాన నెట్‌వర్క్‌కు ఏమీ కాలేదని, పాస్‌వర్డ్ మార్చుకోవాలని సంస్థ వినియోగదారులకు చెప్పింది. మోడెమ్‌కు వేరే పాస్‌వర్డ్ ఉంటుందని, అది వైఫై పాస్‌వర్డ్ కాదని ఎంతమందికి తెలుసు? లక్షల ఇళ్లకు ఒకే తాళంచెవి ఇచ్చి, మార్చుకునే బాధ్యత ఇంటివాళ్ల మీద పెట్టడం ఏం పద్ధతో!

మీ ఇంటి నుంచి బయటికి వెళ్లే దాడి

డబ్బా చెడిపోతే కనీసం మనకు తెలుస్తుంది. హ్యాకర్లకు ఎక్కువగా కావాల్సింది చెడిపోని డబ్బా. నెట్ మామూలుగానే వస్తుంటుంది, వెనక మాత్రం అది వేరేవాళ్ల పనిచేస్తుంటుంది. ఇలాంటి వేల, లక్షల పరికరాల గుంపును బాట్‌నెట్ అంటారు. యజమాని ఆజ్ఞ ఇచ్చినప్పుడు అన్నీ కలిసి ఒక వెబ్‌సైటు మీద డేటా కుమ్మరించి దాన్ని కూల్చేస్తాయి.

2025లో వార్తల్లోకెక్కిన ‘ఐసూరు’ బాట్‌నెట్ ప్రధానంగా రౌటర్లు, సీసీ కెమెరాల వంటి వాటితో తయారైంది. ఆ ఏడాది అక్టోబరులో దాని దాడి సెకనుకు 30 టెరాబిట్ల దరిదాపులకు చేరింది. దాడికి గురైన సైటు సంగతి అటుంచితే, దాడి చేస్తున్న పరికరాలున్న ఇంటర్నెట్ కంపెనీలకూ దెబ్బ తగిలింది. బయటికి వెళ్లే డేటా వరదకు వాళ్ల సొంత కస్టమర్ల సర్వీసే కుంటుపడింది. అవి అమెరికాలోని పెద్ద పెద్ద కంపెనీల నెట్‌వర్కులు.

చిన్న వైర్‌లెస్ ఆపరేటర్‌కు ఇది మరీ ప్రమాదం. మనం ఎక్కువగా డౌన్‌లోడ్ చేస్తాం కాబట్టి టవర్ సమయంలో పెద్ద భాగం అటే కేటాయిస్తారు. అప్‌లోడ్‌కు మిగిలేది పావు వంతో అంతకంటే కొంచెం ఎక్కువో. ఒక టవర్ కింద ఐదారు డబ్బాలు బాట్‌నెట్‌లో చేరి ఒకేసారి అప్‌లోడ్ మొదలుపెడితే ఆ సన్న సందు నిండిపోతుంది. పక్కింటి పిల్ల ఆన్‌లైన్ పరీక్ష రాస్తుంటే ‘సబ్మిట్’ నొక్కినా వెళ్లదు. ఆపరేటర్ స్క్రీన్ మీద డౌన్‌లోడ్ ఖాళీగానే కనిపిస్తుంటుంది.

ఇంకో సంగతి. మన దేశంలో ఏ కనెక్షన్ నుంచి ఎప్పుడు ఎక్కడికి డేటా వెళ్లిందన్న రికార్డులను ఇంటర్నెట్ కంపెనీలు కనీసం రెండేళ్లు భద్రపరచాలి. 2021 డిసెంబరులో చేసిన మార్పు అది. మీ డబ్బాను దారిగా వాడుకుని ఎవరైనా మోసం చేస్తే ఆ రికార్డుల్లో కనిపించేది మీ కనెక్షనే. తర్వాత నిజం తేలొచ్చు. ముందు తలుపు తట్టేది మాత్రం మీదే.

ఖరీదైన డబ్బా అయితే భయం లేదా?

అలా అనుకోవడానికీ లేదు. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీదకు వెళ్లిన రోజు, వయాశాట్ కంపెనీ ఉపగ్రహ ఇంటర్నెట్ మోడెములు ఉక్రెయిన్‌తోపాటు యూరప్ అంతటా వేల సంఖ్యలో మూగబోయాయి. అవి చౌకరకం కావు. దాడి చేసినవాళ్లు సరిగా అమర్చని ఒక వీపీఎన్ పరికరం ద్వారా కంపెనీ మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్‌లోకి చొరబడ్డారు. అక్కడి నుంచి మోడెములన్నిటికీ, తమ మెమరీని తామే చెరిపేసుకునే ఆదేశాలు పంపారు. జర్మనీలో 5,800 గాలిమరలకు రిమోట్ కంట్రోల్ తెగిపోయింది. మరలు తిరుగుతూనే ఉన్నాయి, కానీ దూరం నుంచి చూసుకునే వీలు లేకుండా పోయింది. కంపెనీ దాదాపు 30 వేల మోడెములను కొత్తగా పంపాల్సి వచ్చింది.

టవర్ దగ్గర కూర్చుని అన్ని డబ్బాలనూ ఒకేసారి అప్‌డేట్ చేయగలిగితే 2016 నాటి పురుగు పని అయిపోయేది. అదే సౌకర్యం దొంగ చేతికి చిక్కితే వయాశాట్‌కు జరిగింది జరుగుతుంది. కాబట్టి ఖరీదు పెట్టి కొన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండలేం. ఆ తాళాల గుత్తి ఎవరి దగ్గర, ఎంత జాగ్రత్తగా ఉందన్నదీ చూడాలి. చౌక డబ్బాల్లో ఇంకో ఇబ్బంది, ఆ గుత్తి తయారీదారు క్లౌడ్ సర్వర్‌లో ఉంటుంది. ఆ సర్వర్ ఏ దేశంలో ఉందో, ఎవరు చూసుకుంటున్నారో ఆపరేటర్‌కే తెలియకపోవచ్చు.

విమానాశ్రయం రాడార్‌కూ తలనొప్పే

ఇది చాలామందికి తెలియని సంగతి. 5 గిగాహెర్ట్జ్ తరంగాల్లో కొంత భాగాన్ని వాతావరణ రాడార్లు కూడా వాడతాయి. రాడార్ వినిపిస్తే పక్కకు తప్పుకొని వేరే చానల్‌కు మారే ఏర్పాటు ప్రతి రేడియోలో ఉండాలి. సిగ్నల్ తెగిపోతోందని కొందరు ఇన్‌స్టాలర్లు సెట్టింగుల్లో దేశం పేరు మార్చి ఆ ఏర్పాటును పక్కన పెట్టేస్తారు. కొన్ని రేడియోల్లో అది ఉన్నా సరిగా పనిచేయదు. ప్యూర్టోరికోలోని శాన్ హువాన్ విమానాశ్రయం దగ్గర తుపాను గాలులను పసిగట్టే రాడార్‌కు ఇలాంటి రేడియోలు అడ్డొస్తున్నాయని తేలి, అమెరికా కమ్యూనికేషన్ల సంస్థ ఎఫ్‌సీసీ అక్కడి వైర్‌లెస్ ఆపరేటర్లకు పలుమార్లు జరిమానాలు వేసింది.

ఎండ, ఉప్పుగాలి, పిడుగు

హ్యాకర్లు ఎప్పుడో వస్తారు. ఎండ రోజూ వస్తుంది. విజయవాడలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం డాబా మీద గాలి వేడే 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. మూసి ఉన్న ప్లాస్టిక్ డబ్బా లోపల అంతకంటే ఎక్కువ. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు వరకు నెట్ పోయి, సాయంత్రం చల్లబడ్డాక దానంతటదే వస్తుంటే అనుమానించాల్సింది టవర్‌ను కాదు, డబ్బానూ దాని అడాప్టర్‌నూ.

విశాఖ, కాకినాడ లాంటి తీర నగరాల్లో ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పు పడతాయి. కేబుల్‌లోనూ పొదుపు జరుగుతుంది. పూర్తి రాగి తీగ బదులు, అల్యూమినియం మీద రాగి పూత వేసిన రకం తక్కువకు దొరుకుతుంది. అదే కేబుల్‌లో డబ్బాకు కరెంటు కూడా వెళ్లాలి కాబట్టి, దూరం పెరిగేకొద్దీ చివర వోల్టేజీ తగ్గి రేడియో మాటిమాటికీ రీస్టార్ట్ అవుతుంది. ఎండకు తట్టుకోని కేబుల్ పైతొడుగు రెండు వేసవులకే పగుళ్లిస్తుంది. వానాకాలంలో ఆ పగుళ్లలోంచి నీరు దిగి, కేబుల్ వెంట నేరుగా ఇంట్లోని అడాప్టర్ దాకా వస్తుంది. ఎర్తింగ్, సర్జ్ ప్రొటెక్టర్ లేకపోతే దగ్గర్లో పడిన పిడుగు దెబ్బ అదే దారిలో రౌటర్‌కూ, దానికి తీగతో కలిపిన టీవీకీ చేరుతుంది. సర్జ్ ప్రొటెక్టర్ ధర టీవీ ధర ముందు ఎంత? కానీ డబ్బా కొనేది కంపెనీ, టీవీ కొనేది మీరు.

నిబంధనలు ఏమంటున్నాయి?

మన దగ్గర నిబంధనలు లేవనడం తప్పు. టెలికాం పరికరాలకు పరీక్ష, ధ్రువీకరణ తప్పనిసరి చేస్తూ 2017లో నియమాలు మారాయి. టెలికాం ఇంజినీరింగ్ సెంటర్ ఆ పని చూస్తుంది. భద్రత కోణంలో పరీక్షలకు బెంగళూరులో నేషనల్ సెంటర్ ఫర్ కమ్యూనికేషన్ సెక్యూరిటీ ఉంది. అది మొదట్లోనే చేతిలోకి తీసుకున్న పరికరాల్లో ఇళ్లలో పెట్టే వైఫై డబ్బాలూ ఉన్నాయి. 2021 జూన్ 15 నుంచి టెలికాం కంపెనీలు తమ నెట్‌వర్కుల్లో కలిపే కొత్త పరికరాలను ప్రభుత్వం ‘విశ్వసనీయం’గా గుర్తించిన వనరుల నుంచే తీసుకోవాలి. 2024 నవంబరులో వచ్చిన టెలికాం సైబర్ భద్రత నియమాల ప్రకారం భద్రతా ఘటన తెలిసిన 6 గంటల్లోగా కేంద్రానికి చెప్పాలి.

ఇవన్నీ అవసరమే. అయితే పరీక్షకు వెళ్లేది ఒక మోడల్, ఆ రోజు దానిలో ఉన్న సాఫ్ట్‌వేర్. మీ డాబా మీద ఉండేది నాలుగేళ్ల తర్వాతి ఆ డబ్బా. ఈ మధ్యకాలంలో బయటపడిన లోపాలకు మందు ఎవరు వేయాలన్నది సర్టిఫికెట్ మీద కనిపించదు. బ్రిటన్ ఈ విషయంలో సూటిగా వెళ్లింది. 2024 ఏప్రిల్ 29 నుంచి అక్కడ అందరికీ ఒకే డిఫాల్ట్ పాస్‌వర్డ్‌తో పరికరాలు అమ్మకూడదు. భద్రత అప్‌డేట్లు ఎప్పటివరకు ఇస్తారో కొనేవాళ్లకు ముందే చెప్పాలి. యూరోపియన్ యూనియన్ చట్టం 2027 డిసెంబరు నుంచి పూర్తిగా అమల్లోకి వస్తుంది. అందులో సాధారణంగా కనీసం ఐదేళ్ల సపోర్టు ఇవ్వాలన్న షరతు ఉంది. మన దుకాణంలో రౌటర్ అట్టపెట్టె మీద ఎంఆర్‌పీ, తయారైన నెల, ఎనిమిది యాంటెన్నాల బొమ్మ ఉంటాయి. ‘ఫలానా సంవత్సరం వరకు అప్‌డేట్లు’ అన్న ముక్క మాత్రం వెతికినా దొరకడం అరుదు.

మీ చేతిలో ఏముంది?

కనెక్షన్ తీసుకునేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న స్పీడు గురించి కాదు. డబ్బా ఎవరిది? కంపెనీదే అయితే, డిపాజిట్ కట్టించుకుని ఇస్తుంటే, దాని అప్‌డేట్లూ మరమ్మతులూ వాళ్ల బాధ్యతేనని బిల్లు మీదో మెసేజ్‌లోనో రాయించుకోండి. ‘మీదే సార్, కొనేసుకున్నట్టే’ అంటే మోడల్ పేరు అడిగి, ఆ కంపెనీ వెబ్‌సైటులో చివరి సాఫ్ట్‌వేర్ ఎప్పుడు వచ్చిందో చూడండి. మూడేళ్లుగా ఏమీ రాకపోతే అది చవకగా రావడానికి కారణం అదే.

టెక్నీషియన్ ఇంట్లో ఉన్నప్పుడే రెండు పనులు చేయించుకోవచ్చు. ఒకటి, ఇంటి రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం. ఇది వైఫై పాస్‌వర్డ్ కాదు, వేరు. రెండోది, సిగ్నల్ ఎంత వచ్చిందో అడిగి ఫొటో తీసుకోవడం. 5 గిగాహెర్ట్జ్ రేడియో అయితే మైనస్ 60 డీబీఎం దగ్గర ఉంటే బాగున్నట్టు. మైనస్ 75 దాటి కిందికి పోతే ఆ కనెక్షన్ మీకూ, మీ వీధికీ భారమే. 5జీ డబ్బాల కొలత వేరు, అందులో మైనస్ 80, 90 అన్నా కంగారు పడక్కర్లేదు. నెల తర్వాత స్పీడు పడిపోతే ఆ ఫొటో పనికొస్తుంది. చెట్టు పెరిగిందో, డబ్బా పక్కకు తిరిగిందో, వాళ్ల టవర్ నిండిందో దాన్నిబట్టి వాదించొచ్చు.

రౌటర్‌లో ఏదో దూరిందన్న అనుమానం ఉంటే కేంద్ర ప్రభుత్వ ‘సైబర్ స్వచ్ఛతా కేంద్ర’ వెబ్‌సైటులో ఉచిత టూల్స్ ఉన్నాయి. అవి ఎక్కువగా ఫోన్లు, కంప్యూటర్ల కోసం. రౌటర్‌కైతే రీసెట్ చేసి, కొత్త సాఫ్ట్‌వేర్ వేసి, పాస్‌వర్డ్ మార్చడమే మార్గం. బ్యాంకు సైటు తెరిస్తే వేరే ఏదో పేజీ వస్తోందన్నా, సర్టిఫికెట్ హెచ్చరిక పదేపదే కనిపిస్తోందన్నా ‘కంటిన్యూ’ నొక్కకుండా మొబైల్ డేటాకు మారండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ఆపరేటర్ పట్టించుకోకపోతే ముందు కాల్ సెంటర్‌లో ఫిర్యాదు నంబరు తీసుకోండి. అక్కడా పరిష్కారం కాకపోతే ట్రాయ్ నిబంధనల ప్రకారం అదే కంపెనీలో ఉండే అప్పిలేట్ అథారిటీకి వెళ్లొచ్చు. నంబరు లేకుండా, టెక్నీషియన్ వాట్సాప్‌కు పెట్టిన మెసేజ్‌తో అక్కడిదాకా వెళ్లడం కష్టం.

ఇల్లు మారేటప్పుడు డబ్బా తిరిగి ఇస్తుంటే వెనకున్న చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి పది సెకన్లు నొక్కి పట్టుకోండి. మీ వైఫై పేరు, పాస్‌వర్డ్ అందులోంచి పోతాయి. ఆ డబ్బాను తుడిచి, అదే అట్టపెట్టెలో ఇంకొకరి ఇంటికి పంపే ఆపరేటర్లూ ఉంటారు.